నిక్కు

మైనంలో బిగించిన చర్మపు ముక్కని
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోస్తాను.
అదీ నా ఉద్యోగం, తార్తు ఆసుపత్రి నేలమాళిగలో,
పొద్దున్న ఎనిమిది నుంచి,
రేడియో చిన్నగా పెట్టుకుని.

గులాబి అద్దకంలో ముందు కొవ్వు తేలుతుంది,
ఖాళీ చేసిన తేనెగూడులా.
తర్వాత వెంట్రుక కుదురు, కాస్త ఒరిగి.
దాని పక్కనే, కత్తికి చాలాసార్లు చిక్కకుండా పోయేది,
రేవు గుంజకి కట్టిన పడవ తాడులా
ఏటవాలుగా ఒక పీచు.
అంతే. ఈ కండ అంతే.
బరువు మొయ్యదు, నడిపించదు.
చెయ్యి లేపమంటే లేపుతాను.
దీన్ని లేపమని ఎవరికి చెప్పను?

రిపోర్టులో దీని ఊసు ఎవరూ ఎత్తరు.
డాక్టర్ ఉయిబోకి కావలసింది పుట్టుమచ్చ అంచులు.
ఒకసారి కనురెప్ప ముక్క వచ్చింది.
ఎంత వెతికినా పీచు లేదు.
రెప్ప వెంట్రుకలకి ఉండదట.
నిజమే, భయమేస్తే కన్ను చెయ్యాల్సిన పని వేరు.

మా నాయనమ్మ ఫెవ్రోనియాకి
ఎడమ ముంజేతి మీద అరచేయంత మేర
ఈ పీచు లేదు.
నేను పుట్టకముందు, చేపలు పొగబెట్టే కొట్టంలో
ఆల్డర్ నిప్పుల మీదికి జారింది.
తొడ మీది తోలు పలచగా చెక్కి అక్కడ అతికారు.
అతుక్కుంది, నున్నగా మెరుస్తూ,
ఉల్లిపాయ రెండో పొరలా.
ఉల్లి పండించే ఊళ్ళో ఆ మాట అనకుండా ఉండలేం.
ఆవిడ మాత్రం దాన్ని "పట్నం చెయ్యి" అంటుంది.
"చలీ లేదు దానికి, సిగ్గూ లేదు."

శనివారం బాన్యా ఆవిరిలోంచి
మంచులోకి వచ్చి నిలబడితే
ఈకలు పీకిన కోడిలా అయిపోతుంది ఒళ్ళంతా,
ఆ మేర తప్ప.
ఎటు గాలి కొట్టినా అల లేవని మడుగు అది.

మొన్న ఫిబ్రవరిలో
యెరెమేయ్ బాబాయి వల లాగుతుంటే
మేమిద్దరం సరస్సు మీదే ఉన్నాం.
ఆవిడ చేతులు మడిచి సుడాక్ చేపల్ని విడదీస్తోంది.
అప్పుడు చీలింది మంచు.
మా కింద కాదు, ఎక్కడో రష్యా వైపు.
కానీ ఆ చప్పుడు
కొత్త గుడ్డ చింపినట్టు
మా పాదాల కిందుగా సాగి ఒడ్డు దాకా పోయింది.
ఎవరూ కదల్లేదు.
చేపలు కూడా, అనిపించింది.

నాకు మెడ వెనక మొదలై వీపంతా పాకింది.
ఎప్పుడో ఒంటినిండా బొచ్చున్న ఎవరో
ఉబ్బి పెద్దగా కనబడమని ఆజ్ఞ ఇచ్చి
వెనక్కి తీసుకోవడం మరిచిపోయారు.
ఎవరికి కనబడాలి?
ఈ మంచుకా?

నాయనమ్మ రెండు వేళ్ళతో శిలువ గీసుకుంది.
ఆ మోచేతి నుంచి మణికట్టు దాకా చూశాను.
తెల్ల నూగు నిక్కి, నిక్కి,
అతుకు అంచు దగ్గర ఆగిపోయింది,
సరిహద్దు చెక్‌పోస్టు ముందు బళ్ళలా.

"భయమేసిందా?" అన్నాను.
"నాకా?" అంది.
నిక్కు ఎక్కువే మా నాయనమ్మకి.

ఆ సాయంత్రం బాన్యా గుమ్మంలో, ఆవిరి పొగల్లో
తొడ మీది పాత చతురస్రం చూపించింది.
తోలు చెక్కిన చోటు.
పలచగా వెంట్రుకలు మళ్ళీ మొలిచి ఉన్నాయి.
చలిగాలి తగలగానే ఒక్కొక్కటే లేచాయి,
అన్నీ కాదు,
ఆలస్యంగా, నిద్రలో పిలిచినట్టు.

"పైపైన గీరుకుపోయారు," అంది,
"వేళ్ళు ఇక్కడే ఉండిపోయాయి."
తలుపు వేసి, రాళ్ళ మీద ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

సోమవారం మళ్ళీ కత్తి, మైనం, గులాబి రంగు.
ఎవరిదో భుజం.
పేరు లేదు, నంబరే.
మూడో కోతలో దొరికింది పీచు,
ఈ కొస నుంచి ఆ కొస దాకా, తెగకుండా.
దేనికి నిక్కిందో ఆ భుజం,
ఎవరు ముట్టుకుంటేనో, ఏ చప్పుడుకో.

గాజు అంచు మీద పెన్సిల్‌తో నంబరు రాశాను.
రిపోర్టులో
దాని గురించి ఏమీ లేదు.