ఆ అను

మా తాత వెంగయ్య
తొంభై ఒకటో ఏట పోయాడు,
చెవిసందున సగం కాలిన చుట్టతో.
నలభై ఏళ్లు బ్యారన్ పొయ్యి ముందు కూర్చున్న మనిషి.
నోట్లో ఒక్క పుండు లేదు.

తమ్ముడు మాల్యాద్రి
కర్రలకు ఆకు అల్లేటప్పుడు కూడా
ముక్కుకి తువాలు కట్టుకునేవాడు.
ఇరవై ఎనిమిదికి
నాలుక అంచున
మిరపగింజంత తెల్లమచ్చ.

దొంగచాటుగా తాగుంటాళ్లే, అంది కొండపి.
టంగుటూరు వేలం కాడ
ఏ బంకులో కొన్నాడో కూడా చెప్పింది.
అప్పటికే వాడి నాలుక కోసేశారు.
పలక మీద రాసి చూపించాడు:
'నేను తాగలేదక్కా.'
నాకెందుకు రాశావురా!

ఒంగోల్లో డాక్టరమ్మ
నోటికంటే ముందు చేతులు చూసింది.
ఎడమ బొటనవేలు, చిక్కుడుగింజంత.
గోలీలాటలో వాడెప్పుడూ ఓడేది దానివల్లే.
నడుం మీద టీ ఒలికినట్టున్న మచ్చ,
గ్రహణం నాడు అమ్మ గోక్కుందని
ఇంట్లో అందరం నమ్మిన మచ్చ.

కాగితం మీద
మగవాళ్లకి పెట్టెలు, ఆడవాళ్లకి సున్నాలు.
అమ్మకీ నాన్నకీ నడుమ
ఒకటికి రెండు గీతలు గీసి
'మేనరికమా?' అంది.
అవునన్నాం, కాస్త గొప్పగానే.
ఎకరా ముప్పావు గట్టు దాటకూడదని చేసిన పెళ్లి.
గట్టు దాటనిది పొలం ఒక్కటే కాదంట.
అమ్మలో ఒకటి, నాన్నలో ఒకటి
ఏళ్ల తరబడి సద్దు చేయకుండా పడుకున్న
ఒకే తప్పక్షరం
వాడిలో జతకట్టిందంట.

అమ్మకి అర్థమయింది ఒక్కటే:
'నేను పెట్టిందా?'
ఆ మాటకి ఎవరం జవాబు చెప్పలేదు.
వాడు చుట్ట తాగుంటే బాగుండేది,
తిట్టుకోడానికి చుట్టయినా ఉండేది.

పలక ఇంకా గూట్లోనే ఉంది.
తుడవబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

నాలోనూ ఒకటుందని
హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది.
ఒక్కటైతే ఏం చేయదంట,
మోసుకు తిరగడమేనంట.
మేనమామ మళ్లీ వరసలు కలపబోతే
ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి
చేతికిచ్చాను. చదవలేదు.
చదివించుకున్నాడు.

మా ఆయనది బయటి సంబంధం,
పిల్లకి భయం లేదంది డాక్టరమ్మ.
అయినా రాత్రి అన్నం తిన్నాక
మహితని గడప మీద కూర్చోబెట్టి
ఫోను లైటు వేస్తాను.
ఆ అను.
'ఆ... ఆవు' అంటుంది,
ఊడిన పాలపన్ను సందులోంచి నవ్వుతూ.
నాలుక ఎత్తు. ఈ పక్క. ఆ పక్క.

నిన్న విసుగొచ్చి
ఫోను లాక్కుంది.
'ఇప్పుడు నువ్వనమ్మా.'
నోరు తెరిచాను.
నా కొండనాలుక దాకా వంగి చూస్తూ
ఆరిపోయిన లైటుని మళ్లీ నొక్కింది,
నిండు బొటనవేలితో.