ముప్పై ఆరో ఫ్రేము

పెళ్ళి రీలుకి ముప్పై ఆరు.
ముప్పై మూడు దాకా వాళ్ళవి.
మిగిలిన రెండో మూడో నావి.
వాహెద్ సాబ్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.
"రాళ్ళు పైసలిస్తాయా మియా?" అన్నాడు ఒకే ఒక్కసారి,
తడి ప్రింట్లు తీగకు తగిలిస్తూ.

చాదర్‌ఘాట్‌లో స్టూడియో, మేడమెట్ల కింద చీకటి గది.
హైపో వాసన అన్నంలోకి కూడా వచ్చేది.
అక్కడ నేను నేర్చుకున్నదేమంటే
ఎరుపు నల్లబడుతుంది,
పసుపు బూడిదవుతుంది,
చిలకాకుపచ్చా రాణీ గులాబీ ఒకే గోడ రంగు.
పెళ్ళికూతురిది ఏం చీరో
కట్టుకున్నావిడే చెప్పాలి.
తలంబ్రాలు మాత్రం మోసం చేసేవి కావు,
గాల్లో ఉన్నవి గాల్లోనే ఉండేవి.

రాళ్ళకి ఆ బాధ లేదు.
బోరబండ మీద, దుర్గం చెరువు దారిలో,
ఒకదాని మీద ఒకటి పడబోయి ఆగిపోయిన రాళ్ళు.
కదలకండి అని చెప్పక్కర్లేదు.
తెల్లారి ఆరింటికి, పెళ్ళిభోజనం ఇంకా అరక్కుండానే
సైకిలాపి, మిగిలినవి వాటి మీద ఖర్చు పెట్టేవాణ్ణి.
అలా నా రాళ్ళన్నీ
ఎవరో ఒకరి అప్పగింతల పక్కనే ఉన్నాయి,
ఒకే పట్టీ మీద, మధ్య సన్నటి గీత.

మొన్న బాలకిష్టమ్మ వచ్చింది.
మనవడు స్కూటర్ మీద దింపాడు.
స్టూడియో లేదు, అక్కడిప్పుడు సెల్‌ఫోన్ కవర్లు;
అడుగుతూ అడుగుతూ మలక్‌పేటలో మా ఇంటికి.
"డెబ్బై తొమ్మిదిల, మాఘమాసం, బోరబండ.
వడ్డెరోళ్ళ పెండ్లి. యాదికుందా సారూ?
మా నాయిన ఉన్న ఫోటువ ఒక్కటన్న దేవులాడు."

డాల్డా డబ్బాలో పట్టీలు.
కిటికీకి ఎత్తి పట్టి చూశాను.
నెగెటివ్‌లో పెళ్ళికూతురి జుట్టు తెల్లగా.
పక్కకి తిరిగితే అదే జుట్టు. ఏమీ అనలేదు.

ముప్పై మూడూ వెతికాం.
తల్లి లేదు గనక పీటల మీద చిన్నాయనా చిన్నమ్మా.
బ్యాండువాళ్ళున్నారు, ఎవరిదో ముక్కు కారే పిల్ల ఉంది,
పందిరి గుంజకి వీపు రుద్దుకుంటున్న మేక ఉంది.
తిమ్మయ్య లేడు.
"ఏడున్నడు మరి ఆ రాత్రి?" తనలో తను అనుకుంది.

నాకు తెలుసు.
కరెంటు పోయింది. ఫ్లాషు మొరాయించింది.
పెట్రోమాక్స్ ఎత్తి పట్టుకున్నది ఒక బక్క మనిషి,
ఇంకాస్త పైకి, ఇంకాస్త దగ్గరికి అని
అర్ధరాత్రి దాకా నేను కసిరిన మనిషి.
కసిరిన మాట తప్ప మిగతాది చెప్పాను.
"అవునా" అంది. అంతే.

లేవబోతూ చివరి ముక్క చూసింది.
"గిదేంది?"
"ఏం లేదమ్మా, రాయి. మీ రీలులో మిగిలితే తీసుకున్నా."
సిగ్గేసింది, దొంగసొత్తు దొరికినట్టు.
ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.
రాయి నడుం మీద వరసగా ఏడు చుక్కలు.
ఇన్నేళ్ళూ ఫిల్ము మీద మచ్చలనుకున్నాను.

"గుంటలు సారూ. సీలలు కొట్టెతందుకు.
ఎడమచెయ్యి మనిషి మా నాయిన,
జర గిట్ల వొరుగుతయ్. ఇంకెవ్వలియి వొరగయి.
పెండ్లి నాడు గూడ పనికి పోయిండన్నట్టు."
నవ్విందో ఏమో, కొంగు అడ్డముంది.

ఆ రాయి ఇప్పుడు లేదు.
ఎవరింటి మెట్లయిందో, ఏ పునాదిలో ఉందో.
"పెండ్లియి వద్దు. గిదొక్కటి పెద్దగ చేసియ్యి."

ఎన్నాళ్ళకో బాత్రూంలో ఎర్ర బల్బు పెట్టాను.
మందు కోసం కోఠీ అంతా తిరిగాను.
ట్రేని మెల్లగా ఊపుతుంటే
తెల్ల కాగితం మీద
ముందు గుంటలు తేలాయి,
ఏడూ, ఒక పక్కకి వాలి.
రాయి తర్వాత వచ్చింది.