పుంజీ లెక్క

లేటన్‌లో రాత్రి పదకొండుకి తెల్లవారుతుంది నాకు.
ఫోర్క్‌లిఫ్టు పసుపు దీపాలే పొద్దుపొడుపు,
పనికోస్ దగ్గే కోడికూత.
హోల్‌సేల్ షెడ్డు మూలన, అరలు ఊగే చెక్క గదిలో
వేళ్ళ కొసలు కత్తిరించిన ఉన్ని తొడుగులతో
నేను పద్దు రాస్తాను.

మార్చి మూడో వారం.
పెరూ మామిడి అయిపోవచ్చింది,
చివరి పెట్టెల్లో కాయలు
చలికి బిగిసిన మోకాళ్ళలా ఉన్నాయి.
ఐవరీ కోస్టు కాయ ఇంకా సముద్రం మీదే.
ఈ రెంటి మధ్య ఉన్న సందుకే
ఇక్కడ ధర అని పేరు.

సోమవారం పెట్టె ఆరు పౌండ్లు.
బుధవారం ఎనిమిదిన్నర.
శుక్రవారం పదకొండు,
వచ్చినవాడి బూట్లు చూసి పన్నెండు.
పెట్టెకి ఎనిమిది కాయలని రాస్తాను,
లోపల మాత్రం రెండు పుంజీలనే అనుకుంటాను.
మా మేనత్త నూజివీడు కమిషన్ కొట్లో
నాలుగేసి కాయలు రెండు చేతులా ఎత్తి లెక్కపెట్టేది.
ఒకటి అనేది కాదు ఎప్పుడూ.
లాభం, రెండు, మూడు...
ఇది చెబితే పనికోస్ ముచ్చటపడ్డాడు.
ఆ రోజునుంచీ మొదటి పెట్టె దింపగానే
"లాబం" అంటాడు.
భ పలకదు. నేను దిద్దలేదు.

శనివారం రాటర్‌డామ్‌లో ఎవరో ఫోన్ చేశారు.
బిస్కే దగ్గర గాలివాన, ఓడ పది రోజులు ఆలస్యం.
పనికోస్ ఉన్న డబ్బంతా ఊడ్చి
మూడు పాలెట్ల పెరూ కాయ కొన్నాడు,
ఏడువందల ఇరవై పెట్టెలు, పెట్టె తొమ్మిది చొప్పున.
చలిగదికి తాళం వేసి
తాళంచెవి చొక్కా జేబులో, గుండె మాత్రల పక్కన పెట్టుకున్నాడు.
వాల్తమ్‌స్టో ముజమ్మిల్ పన్నెండిస్తానన్నాడు.
"ఆగుదాం."
పదమూడన్నాడు.
"ఆగుదాం."
ఆగడం కూడా ఒక సరుకేనని,
దానికీ మగ్గే రోజు ఒకటుంటుందని
పద్దులో రాయడానికి గడి లేదు.

గాలివాన నిజమే.
ఓడ ఆలస్యమూ నిజమే.
పది కాదు, రెండే రోజులు.
వెనకాలే వచ్చే ఓడ దాన్ని అందుకుంది.
మంగళవారం రాత్రి రెండు ఓడల కాయా
ఒకేసారి షెడ్డులోకి దొర్లింది,
ఎరుపు తిరిగిన బుగ్గలతో, తొడిమ దగ్గర జీడి ఇంకా ఆరకుండా.
పెట్టె నాలుగు.
తెల్లారేసరికి మూడున్నర.
మా చలిగది తలుపు తీస్తే
తియ్యటి వాసన.
మంచి తీపి కాదు.

నాలుగున్నరకి ఎఫువా వచ్చింది,
టాటెన్‌హామ్‌లో జ్యూసు కొట్టు ఆమెది.
ఒక కాయ మెత్తగా నొక్కింది,
డాక్టరు పొట్ట నొక్కినట్టు.
ధర పైకి అంటే పక్క కొట్లవాళ్ళు వింటారు,
రేపు అదే ధర మా మెడకి చుట్టుకుంటుంది.
అప్పుడు నా శాలువా తీసి
వాళ్ళిద్దరి చేతుల మీదా కప్పాను.
వేళ్ళతో మాట్లాడుకోండి అన్నాను.
శాలువా కింద కాసేపు పెనుగులాట,
సంచిలో పిల్లికూన కదిలినట్టు.
తర్వాత ఏమీ లేదు.
పనికోస్ చెయ్యి బయటికి తీసి
ఒక్క వేలు చూపించాడు నాకు, తిట్టినట్టు.

రాశాను. ఒకటి.

ఎఫువా కదల్లేదు.
"న్‌తోసో?" అంది.
నాకు ఆ భాష రాదు, కానీ
చాచిన ఆ అరచెయ్యి ఎప్పటినుంచో తెలుసు.
కొసరు, అన్నాను పనికోస్‌తో.
రెండు మాటలూ విని
ఎటు చూడాలో తెలియనట్టు
త్రాసు వైపు చూశాడు.
ఇరవై పెట్టెలు పైన వెయ్యమన్నాడు చివరికి.

వ్యాను వెనక తలుపులు తెరిచారు.
పనికోస్ మొదటి పెట్టె ఎత్తాడు,
అడుగు తడిసి అట్ట వేలాడుతోంది.
నోరు తెరిచాడు.
పెదవులు ల దాకా వచ్చి
అక్కడే నిలబడ్డాయి.
పెట్టె లోపల పెట్టి
చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

రెండో పెట్టె నేనందుకున్నాను.
"రెండు," అన్నాను.