ముప్పై గజాలు

ఊనా కార్‌గిల్ ఎలా ఉంటుందని విలేఖరి అడిగాడు.
దూరంగా ఉంటుంది, అన్నాను.

వెటకారం కాదు.
మా ఆటలో మొదటి బంతి వేసేవాళ్ళు చాప మీద,
దారి చూపే స్కిప్ అవతలి కొసన.
పందొమ్మిదేళ్ళు, మూడు ఖండాలు,
దేశం చొక్కా తొడుక్కుని ఎనభై ఏడు ఆటలు;
నేనామెను ముప్పై గజాల ఇవతలి నుంచే చూశాను.
వంగిన మోకాలు, చేతి ఊపు,
బంతిని వదిలాక అరక్షణం గాలిలో ఆగిపోయే వేళ్ళు.
పోలీసులొచ్చి అడిగితే ముఖం వర్ణించలేను గానీ
వెయ్యి మోకాళ్ళ మధ్య ఆ మోకాలు పట్టేస్తాను.

అర్‌బ్రోత్ రేవులో ఆమెది చేపల పని.
హాడక్‌లను జతజతగా తోకలు ముడేసి
పీపాలో కర్రకు వేలాడదీసి
మీద తడిగోనె కప్పి పొగబెట్టడం.
మంట లేస్తే గోనె తడపాలి.
లేవకపోతే ఊరుకోవాలి.
"ఊరుకోవడమే కష్టం" అనేది.
ఆ పొగ ఆమె బంతులకీ పట్టింది:
వెల్లింగ్టన్ ఎయిర్‌పోర్టులో తనిఖీ కుక్క
ఆమె సంచీ పక్కన కూర్చుని
ఎంత లాగినా లేవనంది.

మా బంతి తిన్నగా పోదు. పోకూడదనే అలా చెక్కారు.
అలిగి బయల్దేరిన మనిషిలా
ఎటో పోతున్నట్టే పోతుంది,
అలుపొచ్చాక ఇటు తిరుగుతుంది.
మా ఊరి పచ్చిక మీద కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది,
దక్షిణాన మాత్రం అద్దం మీద నీటిబొట్టు.
అక్కడ తొలి ఆటలో ఆమె రెండు బంతులూ
తిన్నగా కాలవలోకి దొర్లిపోయాయి.
ఆ రాత్రి హోటల్ వరండా కార్పెట్ మీద
తెల్లారేదాకా నారింజలు దొర్లించిందని
గ్రిజెల్ చెప్పింది. నేను చూడలేదు.

ఎండ్‌కి ఒక్కసారి ఎదురుపడేవాళ్ళం,
పచ్చిక మధ్యలో, నేను చాపకి, ఆమె జాక్ దగ్గరికి.
నిలబడే తీరిక లేదు. నడుస్తూనే
ఒక మాట.
"వానొచ్చేలా ఉంది."
"లేసు ఊడింది, చూసుకో."
"పొద్దున అమ్మ పోయింది. ఆట అయ్యాక మాట్లాడదాం."

తర్వాతి ఎండ్‌లో ఆమె బంతి వచ్చి
జాక్‌ని తాకి, అక్కడే ఒదిగింది.
దానికి సుద్ద గుర్తు పెడుతుంటే
వణికింది నా చెయ్యి.

ఇక ఆ ఫైనల్. అందరూ దాని గురించే అడుగుతారు.
చివరి ఎండ్, సరిసమానం,
ఆమె బంతి జాక్ పక్కన నిద్రపోతోంది.
నా చేతిలో మిగిలింది ఒక్కటి.
వెయ్యకుండా వదిలేసినా గెలుపే.
కాపలాకి ముందొకటి ఉంటే మంచిదనుకున్నాను.
అది ఆగాల్సిన చోట ఆగలేదు. దొర్లింది, దొర్లింది,
ఆమె బంతినే కొట్టింది.
అంపైర్ మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగాడు.
వెంట్రుకవాసి. వాళ్ళది.

ఆ సాయంత్రం మధ్యలో ఎదురుపడినప్పుడు
"ఊరుకోవడమే కష్టం, నెటా" అంది.
ఆగలేదు. నడిచిపోయింది.
పేపర్లో నా పేరే వచ్చింది;
ఓడినా స్కిప్ పేరే వేస్తారు.

ఈ వేసవిలో ఆమెకి కొత్త మోకాలు.
వంగలేదు. పొడుగు కర్రకున్న కొక్కెంతో
బంతిని పట్టి వదులుతుంది.
క్లబ్బులో మనుషులు చాలక
మొదటిసారి చాప దగ్గర ఆమె పక్కన నిలబడ్డాను.
అక్కణ్ణించి చూస్తే
అవతలి కొసనున్న పిల్ల ఒట్టి తెల్లమరక.

"మరి నా సైగలు? ఇన్నేళ్ళు ఊపిన చేతులు?"
"తేమకి మసకలేస్తాయని కళ్ళద్దాలు జేబులో పెట్టుకునేదాన్ని.
ఏదో ఊపుతున్నావని తెలుసు."

నవ్వాలో తిట్టాలో తోచలేదు.
ఇంత దగ్గర నుంచి, ఆమె చెవి వెనక
రూపాయంత కాలిన మచ్చ.
ఎప్పటిదని అడగబోయాను.

"ష్" అంది, "బంతి ఇంకా ఆగలేదు."