పద్నాలుగో పేజీలో చిరుగు

మూర్ మార్కెట్లో అర్ధ రూపాయికి కొన్నాను.
అట్ట లేదు. అందుకే ఆయనకి పేరూ లేదు.
అమెరికా బొమ్మల పుస్తకం, మా నాన్న పుట్టకముందుది,
కాగితం అప్పడంలా విరిగేది,
తిప్పితే పాత గోనెసంచి వాసన.
తర్వాతెప్పుడో ఆ మార్కెట్టే కాలిపోయింది.
ఆయన పేరున్న అట్ట
ఆ బూడిదలో ఎక్కడో ఉండే ఉంటుంది.

కళ్ళకి నల్లగుడ్డ, నెత్తిన టోపీ,
వీపున పసుపు శాలువాలాంటిది.
ఎగరడు. గోడల్లోంచి చూడడు.
మెట్లెక్కితే రొప్పుతాడు.
దెబ్బ తగిలితే కుర్చీలో కూలబడి
ఒంటిచేత్తో కట్టు కట్టుకుంటాడు,
పళ్ళతో ముడి బిగించి.
సిగరెట్ పీకనీ తడి బూటు గుర్తునీ
మా అమ్మ బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతాడు.
ఇంగ్లీషు నాకు సగమే వచ్చు.
మిగతా సగం ఆయన అలసట చెప్పేది.

చూళైలో మా వాకిలి పక్కనే
వజ్రవేలు మామ కుట్టుమిషను.
కోడంబాక్కం కంపెనీలకి రాజుల అంగీలు కుట్టి కుట్టి
కళ్ళజోడు మందమైనవాడు.
పుస్తకం చూపిస్తే కథ అడగలేదు.
"పన్నా ఎంతుంటాది? అంచులో బరువేసినాడా?
లేకపోతే గాలికి ఇట్ట నిలబడదే."
తర్వాత ఒక బొమ్మ మీద వేలు ఆపాడు.
"పద్నాలుగో పేజీలో తూటాకి గుడ్డ చిరిగింది.
పదిహేనులో చిరుగు లేదు.
మంత్రాలు రావంటివే మీవోడికి,
మరి రాత్రికి రాత్రే ఎవురు కుట్టింది?"

నా దగ్గర జవాబు లేదు.
ఏ సినిమా దేవతకో కత్తిరించగా మిగిలిన శాటిన్‌తో
నాకూ ఒకటి కుట్టిచ్చాడు, కూలి అడక్కుండా.

ఆ ఎండాకాలం నీళ్ళ లారీ
తెల్లారుజామున నాలుగింటికి వచ్చేది.
రాత్రే వీధి పొడుగునా బిందెలు వరస పెట్టి
పడుకునేవాళ్ళు జనం.
ఎవరో జరుపుతున్నారని
కన్నియమ్మ మూడు పొద్దులు వీధంతా తిట్టింది.
రోజూ ఆమె వంతుకే
గొట్టం దగ్గి ఆగిపోతోంది.

నాకు కేసు దొరికింది.

ట్రాన్స్‌ఫార్మర్ వెనక, మసిగుడ్డకి రెండు బొక్కలు,
దోమలు, నిద్ర, భయం.
వీధికుక్క వచ్చి తోక ఊపింది,
ముసుగుని అది లెక్కచెయ్యలేదు.
రెండున్నరకి చెప్పుల్లేని అడుగులు.
గాజులు మోగకుండా మోచేతి దాకా ఎగదోసుకుని
ఒక ఆకారం వంగింది.
ఎర్ర బిందెని ఎత్తి, మూడు బిందెలు దాటించి,
కన్నియమ్మ పచ్చ బిందె ముందు పెట్టింది,
నిద్రపోయే పసిబిడ్డని పక్క మార్చినంత మెల్లగా.
ఎర్ర బిందె అంచున కాల్చి అతికించిన మచ్చ.
ఆ పగులు పోయినేడు నా వల్లే.

పుస్తకంలో అయితే ఇక్కడ ఆయన ముందుకి దూకి
దొంగ ముసుగు లాగుతాడు.
ఈ వీధిలో ముసుగున్నది నాకొక్కడికే.
వెనక్కి జరగబోతే కంచె మేకు తగిలి
పసుపు గుడ్డ జానెడు చీలింది.
ఆమె ఒక్క క్షణం ఆగింది.
తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

పొద్దున ఎర్ర బిందె నిండుగా వచ్చింది.
తాగాను. దాహం వేసింది మరి.
ఆ రాత్రి బిందె ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది.
మర్నాడూ అంతే.
ఆ పొద్దు మాకు అరబిందె కూడా అందలేదు,
కన్నియమ్మ ఎవర్నీ తిట్టలేదు.

ట్రంకుపెట్టె వెనక కుక్కిన గుడ్డ తీస్తే
చిరుగు లేదు.
మామ దగ్గరికి పరిగెత్తాను.
వెలుతురుకి పట్టి చూసి,
"నా చెయ్యి కాదబ్బా. మిషనూ కాదు" అన్నాడు.
పసుపు మీద నీలం దారం,
రవికె హుక్కుల కోసం మా ఇంట్లో ఉండే ఒకేఒక్క ఉండ.
చీకట్లో కుట్టినట్టున్నాయి, వంకర కుట్లు.
చివర ముడి,
పళ్ళతో తెంపింది.