గంప అడుగు

గుర్రంపోడు బత్తాయి తోటల
నీళ్ల డ్రమ్ము పక్కన కూసొని
స్ప్రేయర్ కొందామని ఫోన్ తెరిచిన.

నాలుగు వేల మందిది ఒక్కటే మాట:
"సూపర్! మా ఇంటిల్లిపాదికీ నచ్చింది."
మందు పంపు
ఇంటిల్లిపాదికీ ఎట్ల నచ్చుతదో!
అందరూ ఒకే మంగళారం
రాత్రి రెండు గంటలకు లేసి మరీ మెచ్చుకున్నరు.

అండాలు వచ్చి ఫోన్ గుంజుకున్నది.
మార్కెట్ల ఎవరి గంప చూసినా
పైన నిగనిగలాడే కాయలు పక్కకు నూకి
అడుగుకు చెయ్యి పెట్టే మనిషి.
ఇక్కడ గూడ అంతే,
బొటనవేలుతోని కిందికి, ఇంకా కిందికి.

ఆడ దొరికిండు
ఒంటి చుక్క పెట్టినోడు,
అచ్చంపేట పర్వతాలు:
"మూడొద్దులకే వాసరు పోయిన్ది మందంత ఈపు మీద కారిన్ది మంట"
చుక్క లేదు, కామా లేదు.
ఫొటోల పచ్చగ తడిసిన బనీను.

"గీయన పని చేసిండు" అన్నది అండాలు.

కొనలే.
పాత పంపుకే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి
పొద్దుగూకేదాక కొట్టిన.
ఈపు మంట తగ్గిందా అన్నా అని
అడుగుదామంటే జాగ లేదు,
"ఇది మీకు ఉపయోగపడిందా?" అని
ఒక్క బటనే ఉన్నది.

అవును అని నొక్కిన,
మందు వాసనొచ్చే వేలితోని.