పోగు తెగే చోట

నగరి బస్టాండు వెనక
మూడో మెట్టు విరిగిన మేడ మీద నా అంగడి.
కీబోర్డులో ఇడ్లీ తునకలు, ప్రింటర్లో బల్లి గుడ్లు
అన్నీ చూసినదాన్నే.
పాటల పెట్టెలో పత్తి చూడడం మాత్రం ఇదే మొదలు.

ఏకాంబరకుప్పం నుంచి తెచ్చినాడు దురైవేలు,
చొక్కా జేబులో, రుమాల్లో చుట్టి,
కోడిగుడ్డు మాదిరి.
"దీంట్లోవి అంతా దాంట్లోకి పోవాలమ్మా" అన్నాడు.
అన్నాడని రాస్తున్నా గానీ, అరిచినాడు.
మరమగ్గాల కాడ ఇరవై ఏండ్లు నిలబడినోళ్లు
పక్కనున్న మనిషిని కూడా
ఏటికి అవతలి గట్టున ఉన్నట్టే పిలుస్తారు.

అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది.
బొటనవేలు తిరిగినంత మేర రంగు పోయి
లోపలి లోహం మెరుస్తా ఉంది.
ఇయర్‌ఫోను తొర్రలో పిన్నీసు పెట్టి లాగితే
నూగు, నూగు, మళ్లీ నూగు.
ఎరుపు కొంత, నీలం కొంత,
నేసిన లుంగీల రంగులన్నీ.

"ఎన్నేండ్లు వాడినావన్నా?"
"మగ్గాలు అమ్మేసిందాకా."
పాత ఇనుముకు, కిలో లెక్కన,
పన్నెండు మగ్గాలు రెండు ట్రిప్పుల్లో పోయినాయంట.
ఇప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి కాపలా,
మేజా మీద ఒక పాత కంప్యూటరు,
గోడ అవతల కప్పలు.
చప్పుడు లేకుంటే నిద్ర ఆగదంట ఆయనకు.

తీగ తగిలించినా.
ఎక్కడో దాక్కున్న మూలలోంచి బయటపడినాయి,
నూట పదకొండు.
ఒక్కదానికీ పేరు లేదు.
నాలుగేసి అక్షరాలు, ఏ భాషవీ కావు,
పుత్తూరులో కట్టు కోసం కూచున్నోళ్ల మాదిరి
తలకాయలు వంచుకొని.
దింపినా. దిగినాయి.
జాబితాల పేర్లు కూడా దిగినాయి:
'బీము ఎక్కే దినం', 'కరెంటు లేదు',
'పాపకు జొరం', 'ఊరికే'.
తెరిస్తే లోపల ఖాళీ.

"పాటలొచ్చినాయన్నా, వరస రాలే."
"వరస రాకుంటే ఇంకేం వచ్చినట్టు!"
కింద మందులంగడోళ్లు తలెత్తి చూసినారు.

సరే, నువ్వు చెప్పు, నేను పేరుస్తా అన్నా.
కండ్లు మూసుకున్నాడు.
కాలు దానంతటదే ఆడడం మొదలుపెట్టింది.
"మొదటిది మోటారు వేసేటప్పుడు. ఆడమనిషి గొంతు, అరవపాట.
రెండోది నాడెలో కండె పెట్టేటప్పుడు.
మూడు, నాలుగు, టీ పిల్లోడు వచ్చే లోపల.
ఐదుకు నూనె పొయ్యాల.
ఆరు అయ్యేసరికి కండె అయిపోతాది."
నేను ఒక్కోటి వినిపిస్తా,
తల ఊపితే అక్కడ పెడతా, ఊపకపోతే పక్కకు.
జిరాక్సుకొచ్చిన ఇద్దరు తిట్టుకుంటా దిగిపోయినారు.

"ఏడోది?"
గమ్మునైపోయినాడు. కాలు కూడా ఆగింది.
"ఏడు కాడ ఎప్పుడూ పోగు తెగేది.
వంగి ముడేస్తా ఉంటే
చెవిలోది జారి మెడలో వేలాడేది.
ముడి పడేసరికి ఎనిమిది."

ఏడో చోటు వదిలేసి మిగతావి పేర్చినాం.
లైట్లు వేసే పొద్దయింది.
నాలుగు జాబితాలూ నిండినాక
ఒకటి మిగిలింది.

పెట్టినా.
మొదట ఏమీ లేదు. చెడిపోయిందేమో అని
సౌండు పెంచబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు.
ఎవరో గొంతు సవరించుకున్నారు.
ముసలి గొంతు. వాయిద్యం లేదు, తాళం లేదు.
చరణానికీ చరణానికీ నడుమ
ఊపిరి తీసుకోవడం కూడా వినబడేంత మెల్లగా,
పన్నెండు మగ్గాల కింద
ఇన్నేండ్లూ పాడతానే ఉన్నాడు ఆయన.

"ఇది నాదేనా అమ్మా?"
ఆ ఒక్క మాట మాత్రం
నాకు వినబడీ వినబడనట్టు అడిగినాడు.

ఏడో చోట దాన్నే పెట్టి పెన్‌డ్రైవులో వేసిచ్చినా.
కావాలనలే, వద్దనలే.
నూట యాభై అంటే
"నూరు తీసుకో!" అని అరిచి
లెక్కపెట్టకుండానే ఇచ్చి దిగిపోయినాడు.
కాసేపటికి కిందనుంచి మళ్లీ కేక,
"ఆ మూడో మెట్టు బాగు చేయించమ్మా!"